మేక కథకు ఒకే ఒక్క పాఠకురాలు

మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల వెనక సందులో మూడంతస్తుల ఇంగ్లీషు మీడియం బడి మాది. అందులో నేను ఇరవై ఏడేళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగు టీచరంటే పెళ్లివారింట్లో మేనత్త లాంటిది. మర్యాదకు లోటుండదు, మాట మాత్రం ఎవరూ వినరు.

వారానికొకసారి ఆరో తరగతికి లైబ్రరీ పీరియడ్ ఉంటుంది. అది కూడా నాదే. పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, అరుస్తారు, తిట్టుకుంటారు. చదవమంటే మాత్రం దగ్గొస్తుంది. లైబ్రరీ బీరువా తెరిస్తే ఏది పలచగా ఉందో చూసి ఆ పుస్తకం తీసుకుంటారు. ఒకడు ఏడాది పొడుగునా ఒకే పుస్తకం తీసుకుని, ఒకే పేజీ దగ్గర తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. అడిగితే, "చాలా డీప్‌గా ఉంది మేడమ్" అన్నాడు.

పోయినేడాది జూన్‌లో మా బడికి ఇరవై టాబ్లెట్లు వచ్చాయి. పలక సైజులో ఉంటాయి, వేలు తగిలితే పని చేస్తాయి. వాటితో పాటు ఒక కంప్యూటర్ సార్ కూడా వచ్చాడు. ఇరవై ఆరేళ్లుంటాయి, అన్నిటికీ నవ్వుతాడు. నాకు ఒక ఆట చూపించాడు. తెర మీద కథ పేజీ పేజీగా వస్తుంది. కథ అయ్యాక పది ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు నాలుగు రంగుల గడుల్లో నాలుగు జవాబులు: ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. సరైన గడిని ముట్టుకుంటే గంట మోగుతుంది, నక్షత్రాలు రాలతాయి. ఎవరు ముందున్నారో ఎవరు వెనకున్నారో గోడ మీది పెద్ద తెర పేర్లతో సహా చూపిస్తుంది.

"ఒక్కసారి ట్రై చెయ్యండి మేడమ్. పిల్లలకు పిచ్చెక్కిపోతది."

"ఆ పని ఎప్పుడో అయింది బాబూ" అన్నాను.

అయినా ఒప్పుకున్నాను. పాఠ్యపుస్తకంలోని కథలు పెడితే వాటికి బజారులో గైడ్లున్నాయి కాబట్టి, కథలు నేనే రాయాలని పట్టుబట్టాను. నిజం చెప్పాలంటే నాకు చిన్నప్పటినుంచీ కథలు రాయాలని ఉండేది. అడిగినవాళ్లు లేక రాయలేదు. కాప్రాలో మా ఇంటి బాల్కనీలో కూర్చుని రెండు వారాలు ఫోన్‌లో ఒక్క వేలితో టైపు చేసి మొదటి కథ పూర్తిచేశాను. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒక మేక రైలెక్కుతుంది. అంతవరకే చెప్పి మా వారికి ఫోన్ ఇచ్చాను. ఆయన మొత్తం చదివి బాగుందన్నారు. ఆయన ఉప్పు లేని పప్పును కూడా బాగుందనే అంటారు.

పిల్లలకు మాత్రం నిజంగానే పిచ్చెక్కింది. లైబ్రరీ పీరియడ్ అనగానే మెట్ల మీద తోసుకుంటూ వచ్చేవాళ్లు. తరగతికి నలభై మంది. ఇరవై మంది లోపల ఆడుతుంటే ఇరవై మంది వరండాలో నిలబడి, తమ వంతు ఎప్పుడా అని కిటికీ చువ్వలు పట్టుకుని చూసేవాళ్లు. మొదటి కథకే తరగతిలో ముప్పావు మందికి పదికి పది వచ్చాయి. రెండో కథకు దాదాపు అందరికీ వచ్చాయి. గంటల మోతకు పక్క గదిలో లెక్కల టీచరు తలుపేసుకుంది. ఇన్నేళ్లు గొంతు చించుకున్నా రాని చదువు గంట మోగితే వచ్చిందని నేను నమ్మాను. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, మా ప్రిన్సిపాల్ కూడా నమ్మింది. ఆవిడను పిల్లలు పెద్ద మేడమ్ అంటారు, మేమూ అదే అంటాం.

పెద్ద మేడమ్ ఇంకో అడుగు ముందుకేసింది. మా బడిలో ఏటా ఫిబ్రవరిలో ఒక లిస్టు తయారవుతుంది. ఎవరు అదే తరగతి మళ్లీ చదవాలో అందులో రాస్తాం. తల్లిదండ్రుల చేత ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టించుకుంటాం. ఈసారి చదవడం వచ్చిందా రాలేదా అన్నది టాబ్లెట్ రిపోర్టు చూసి రాయమంది.

"మనుషులన్నాక ఇష్టాలుంటాయి, కోపాలుంటాయి. మిషన్‌కి అవేం లేవు కదా" అంది.

నాకూ సబబుగానే తోచింది. అలా చూస్తే ఆరో తరగతి బి సెక్షన్‌లో లిస్టుకెక్కాల్సిన పేరు ఒక్కటే ఉంది.

ఆ పిల్ల జూన్‌లోనే కొత్తగా చేరింది. బోయిగూడ నుంచి నడిచి వస్తుంది. తల్లి మెట్టుగూడలోనే ఒక కర్రీ పాయింట్‌లో వంట చేస్తుంది. పిల్ల ఎక్కువ మాట్లాడదు, తల దువ్వుకోవడంలో మాత్రం లోపం ఉండదు. గోడ మీది తెరలో ఆ పేరు ఎప్పుడూ అట్టడుగునే. ఒక వారం పదికి రెండు, ఒక వారం పదికి ఒకటి. కంప్యూటర్ సార్ రిపోర్టు తీసి చూపించాడు. ప్రశ్న రావడం, మూడు సెకన్లు తిరగకుండా ఎరుపు నొక్కడం. పది ప్రశ్నలకూ ఎరుపే. ఆటను మూడుసార్లు ఆడనిస్తాం. మూడుసార్లూ ఎరుపే.

"చూస్తలేదు మేడమ్. ఊకెనే నొక్కుతున్నది" అన్నాడు సార్. గ్రాఫు కూడా ఉంది. గ్రాఫులో ఆ పిల్ల గీత నేల మీద పాకుతోంది.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ పిల్లకు యూనిట్ టెస్టుల్లో తెలుగు మార్కులు బాగానే వచ్చాయి. గైడు బట్టీ పట్టి ఉంటుందని నేనే తీర్మానించాను. మిగతా ముప్పై తొమ్మిది మంది గురించి నాకు ఆ అనుమానం రాలేదు. పోనీ నిలబెట్టి గట్టిగా చదివించానా అంటే, టాబ్లెట్లు వచ్చిన నాటినుంచి ఎవరిచేతా గట్టిగా చదివించడం మానేశాను. టైం ఎక్కడిది?

నవంబర్‌లో ఒకసారి ఆ పిల్ల నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"మేడమ్, అది ఆగుతలేదు."

"ఏది?"

"గదే. టాబ్. నేను చదువుతుంటెనే పోతుంది."

"అందరికీ ఆగుతోంది కదమ్మా. నీకొక్కదానికే ఎందుకు ఆగదు?"

కొంచెం త్వరగా చదవడం నేర్చుకోమని సలహా ఇచ్చి పంపేశాను. సలహా ఇవ్వడంలో నాకెప్పుడూ ఆలస్యం ఉండదు.

ఫిబ్రవరిలో ఉత్తరం రాశాను. తెలుగు సబ్జెక్టు కాబట్టి తెలుగులో రాయమన్నారు. నా చేతిరాత బాగుంటుందని పేరు. మీ అమ్మాయికి తెలుగు చదవడం రాదు, చూడకుండానే జవాబులు నొక్కుతోంది, శ్రద్ధ లేదు, ఆరో తరగతి మరో ఏడాది చదివించడం ఆమెకే మంచిది, సమ్మతమైతే కింద సంతకం చేసి పంపగలరు. కవర్లో పెట్టి ఆ పిల్ల చేతికే ఇచ్చి పంపాను. మర్నాడు సంతకంతో తిరిగొచ్చింది. సంతకం కింద శ్రద్ధగా గీత కూడా గీసి ఉంది. ఫైల్లో పెట్టాం.

మార్చిలో మా కరస్పాండెంట్ గారు ఈ ఆట చూస్తామన్నారు. కరస్పాండెంట్ అంటే బడి యజమాని. ఏడాదికి రెండుసార్లు వస్తారు, ఒకటి జెండా వందనానికి. పెద్ద మేడమ్ బి సెక్షన్‌ను ఎంచింది. ఏ కథ పెట్టాలి అంటే మేక కథే పెట్టమన్నాను. పిల్లలు అప్పటికే ఆడేసిన కథ, ముప్పావు మందికి పదికి పది వచ్చిన కథ. కరస్పాండెంట్ గారికి నా కథ వినిపించాలన్న ఆశ కూడా లోపల ఉంది.

ఆ రోజు ఛార్జింగ్ బీరువా స్విచ్చి ఎవరో ఆపేశారు. ఇరవై టాబ్లెట్లలో తొమ్మిదే వెలిగాయి. ముందు రోల్ నంబర్ల తొమ్మిది మందికి అవి ఇచ్చి, మిగతావాళ్లను గోడ మీది తెరలో కథ చదివి జవాబులు కాగితం మీద రాయమన్నాను. ఆ పిల్లది ముప్పై మూడో నంబరు. ఆఖరి బెంచీలో కాగితం పట్టుకుని కూర్చుంది.

కథ అయింది, ప్రశ్నలొచ్చాయి. తొమ్మిది మందీ క్షణంలో నొక్కారు. గంట మోగలేదు. బెలూన్‌లో గాలి పోయినట్టు ఒక చప్పుడొచ్చింది. రెండో ప్రశ్నకూ అదే చప్పుడు. పదో ప్రశ్న అయ్యేసరికి గోడ మీద తొమ్మిది పేర్లున్నాయి, ఎక్కువ మార్కులు వచ్చినవాడికి రెండు.

నేను కంప్యూటర్ సార్ వైపు చూశాను. ఆయన మొదటిసారి నవ్వడం మానేశాడు. "ఎప్పుడూ ఒక్కటే ఆర్డర్ అంటే బోర్ గద మేడమ్ అని, జవాబులు జెర అటు ఇటు మార్చిన" అన్నాడు మెల్లగా.

కరస్పాండెంట్ గారు ముందు బెంచీలోని క్లాస్ లీడర్‌ను లేపారు. "చెప్పు నాయనా, మేక ఎందుకు రైలెక్కింది?"

వాడు చేతులు కట్టుకుని చెప్పాడు. "ఎర్ర, సార్."

"ఎర్ర ఏంది?"

"ఫస్ట్‌ది ఎర్ర సార్. సెకండ్‌ది నీలం. థర్డ్‌ది నీలం. ఫోర్త్‌ది పసుపు..."

ఇక్కడ తరగతంతా అందుకుంది. ఎర్ర, నీలం, నీలం, పసుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు. రెండో ఎక్కం పాడినట్టు, ఆగాల్సిన చోట ఆగి, ఊగాల్సిన చోట ఊగి, పదో రంగు దాకా పాడి కూర్చున్నారు. నా సర్వీసులో ఏ పద్యాన్నీ పిల్లలు అంత చక్కగా అప్పజెప్పలేదు.

తర్వాత విచారిస్తే తేలింది ఇదీ. తప్పు నొక్కితే సరైన రంగు ఏదో ఆటే చూపిస్తుంది. మంగళవారం ఎ సెక్షన్ ఆడుతుంది. మొదటిసారి ఎలాగో నొక్కి, రంగులు గుర్తుపెట్టుకుని, రెండోసారికి పాట కడతారు. ఆ పాట మధ్యాహ్నం అన్నాల బెల్లులో సగం సమోసాకు బి సెక్షన్‌కు అందుతుంది. బుధవారం వీళ్లు వచ్చి గంటలు మోగిస్తారు. జూన్ నుంచీ ఇదే ఏర్పాటు. నేను పన్నెండు కథలు రాశాను. వాళ్లు పన్నెండు పాటలు కట్టారు.

ఆ రోజు పాట అయ్యాక అందరం కరస్పాండెంట్ గారి వైపు చూశాం. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి కరస్పాండెంట్ గారు కాగితాలు అడిగి తీసుకున్నారు. ఒకదాని మీద "ఎ, నీ, నీ, ప" అని ఉంది. రెండోదాని మీదా అదే. అలా ఒక్కొక్కటే తిప్పుతూ ఒక చోట ఆగి, కళ్లజోడు సవరించుకుని పైకి చదివారు.

"ఒకటి, ముసలమ్మ గంపలో కొత్తిమీర ఉంది కాబట్టి మేక రైలెక్కింది. రెండు, కిటికీ పక్క సీటు. మూడు..." ఆయన నింపాదిగా అన్నీ చదివారు. అన్నీ సరైనవే. ఏడో దగ్గర మళ్లీ ఆగారు. "ఏడు, మేక ఎక్కడ దిగింది? మేక దిగలేదు. మౌలాలిలో టీసీ దించాడు. ఈ జవాబు నాలుగింటిలో లేదు."

కంప్యూటర్ సార్ ఏడో ప్రశ్నను మళ్లీ తెర మీదికి తెచ్చాడు. నిజమే, లేదు. నా కథలో మేక దిగదు, మెడ పట్టుకుని దించుతారు. ప్రశ్న రాసేటప్పుడు నా కథను నేనే సరిగ్గా చదువుకోలేదు. నలభై మంది మూడేసిసార్లు ఆడిన ఆటలో ఆ తప్పు ఎవరికీ కనబడలేదు.

"ఎవరిది ఈ పేపరు?"

ఆఖరి బెంచీలోంచి ఆ పిల్ల లేచింది.

"నువ్వు కథ చదివినవా బిడ్డా?"

"చదివిన సార్. ఇయ్యాల ఆగింది గద."

కరస్పాండెంట్ గారు ఆ పిల్లకు ఏదైనా ప్రైజు ఇవ్వమని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. పెద్ద మేడమ్ నా పక్కకొచ్చి, "ఈ పేరు మన లిస్టులో ఉంది కదండీ?" అంది. ఉందన్నాను.

పిల్లలందరూ వెళ్లాక ఆ అమ్మాయిని ఉండమని, ఛార్జింగ్ ఉన్న ఒక టాబ్లెట్ ముందు పెట్టాను. ఆడి చూపించమన్నాను. కథ తెరిచింది. కుడి చేతి చూపుడు వేలు మొదటి అక్షరం కింద పెట్టి చదవడం మొదలుపెట్టింది. రెండో మాటకు పేజీ సర్రున జరిగిపోయింది. ఓపిగ్గా వెనక్కి తెచ్చుకుంది, మళ్లీ వేలు పెట్టింది, మళ్లీ జరిగింది. అలా పడుతూ లేస్తూ కథ పూర్తిచేసింది. ప్రశ్నలొచ్చాయి. జవాబులు చదవడానికి మొదటి గడి మీద, అంటే ఎరుపు మీద, వేలు పెట్టింది. అది జవాబనుకుని యంత్రం తీసేసుకుంది. తుస్సుమంది. రెండో ప్రశ్న వచ్చింది. పిల్ల తలెత్తి నన్ను చూసింది.

"ఇట్లనే అయితది మేడమ్. నేను చదవకముందే తీస్కపోతది."

"వేలెందుకమ్మా పెడతావు?"

"మీరే చెప్పిండ్రు గద మేడమ్. లైన్ తప్పకుండ వేలు వెట్టి చదవాలెనని."

జూన్‌లో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజే నేను ఆ మాట చెబుతాను. మా అమ్మ నాకు చెప్పింది, నేను అందరికీ చెబుతాను, ఎవరూ వినరు. ఈ ఏడాది ఒక్క పిల్ల విన్నది. ఆ ఒక్కదాన్నీ నేను ఫెయిల్ చేశాను.

"మరి మిగతావాళ్లు రంగుల పాట నీకు చెప్పలేదా?"

"చెప్పిండ్రు మేడమ్. కని కథేందో తెల్వకుండ ఎట్ల నొక్కాలె?"

పెద్ద మేడమ్‌తో చెప్పాను, తప్పు నాది, లిస్టులోంచి పేరు తీసెయ్యాలని. ఆవిడ కాదనలేదు. కానీ తల్లి సంతకం ఫైల్లో ఉంది కాబట్టి, మొదటి ఉత్తరం చెల్లదని రాసిన కాగితం మీద మళ్లీ ఆమె సంతకమే కావాలంది. "పిల్ల చేతికిచ్చి పంపండి" అంది. నేను తీసుకెళ్తానన్నాను.

బడి వదిలాక నాలుగింటికి వెళ్లాను. మెయిన్ రోడ్డు మీద, మందుల షాపు పక్కన, షట్టరంత వెడల్పు కర్రీ పాయింట్. ముందు కౌంటరు, వెనక పొయ్యి. ఆమె పెద్ద గిన్నెలో సాంబారు కలుపుతోంది. నన్ను చూసి గరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గబగబా బయటికొచ్చింది.

"ఏమైంది మేడమ్? పిల్ల మంచిగనే ఉన్నదా?"

"బాగానే ఉందమ్మా" అని మొదలుపెట్టాను. మీ అమ్మాయికి చదవడం వచ్చు, తరగతిలో అందరికన్నా బాగా వచ్చు, నేనే సరిగ్గా చూడకుండా ఆ ఉత్తరం రాశాను, వచ్చే ఏడాది ఏడో తరగతికే వెళ్తుంది, ఇదిగో ఈ కాగితం మీద సంతకం పెడితే చాలు అన్నాను. క్షమించమని కూడా అన్నాను. ఇన్నేళ్లలో ఒక పిల్ల తల్లికి ఆ మాట చెప్పడం అదే మొదలు.

ఆమె కాగితం తీసుకుని, తడి ఆరని చేతులతో అంచులు పట్టుకుని, కాసేపు దాన్నే చూసింది.

"నాకు చదువు రాదు మేడమ్. సంతకం ఒక్కటే మా బిడ్డ నేర్పింది" అంది. తర్వాత అంది, "అప్పుడు మీరు పంపిన కాయితం సుత అదే చదివి వినిపించింది."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఎవరు?"

"నా బిడ్డనే మేడమ్. ఇంట్ల ఇంకెవరు చదువుతరు? నిలవడి, వేలు వెట్టి మొత్తం చదివింది. చదవరాదు అన్న కాడ సుత ఆగలే. శ్రద్ధ లేదు అని సుత చదివింది. అది కావాలంటే ఏమన్న మార్చి చెప్పొచ్చు, నాకేం తెలుస్తది? ఒక్క ముక్క ఇడ్వలే."

లోపల సాంబారు పొంగుతోంది. ఆమె వెనక్కి తిరిగి మంట తగ్గించి వచ్చింది.

"నీకు చదవరాదని నువ్వే చదువుతున్నవేందే అని అడిగిన మేడమ్. టీచర్ గట్లనే రాసింది అమ్మా అన్నది. మీరు రాసినంక ఇగ మేమేం చెప్తం? సంతకం వెట్టిన."